లక్కే పెరటి నల్ల గింజలు

తాటిగూడెం, ఎర్రబోరు దగ్గర
శ్రావణమాసం, వాన తెరిపియ్యని శుక్రవారం

మా వెంకమ్మక్కకు, నీ చెల్లెలు సారల దండం పెట్టి రాసుకునేది.

నీ ఉత్తరం కోంట నుంచి వచ్చే బండి మనిషి చేతిలో తడిసి ముద్దయి వచ్చింది. సగం అక్షరాలు కారిపోయినయి. మిగిలిన సగంలో నన్ను తిట్టినవే ఎక్కువ. ఆషాఢం దాటినా ఒక్క ముక్క రాయలేదని, మిషను బడిలో నేర్చిన చదువంతా గోదాట్ల కలిపిన్నని తిట్టినవు. తిట్టు, నీకు కాక ఎవరికున్నది ఆ హక్కు. కానీ ఇక్కడి సంగతి వింటే నువ్వే అయ్యో అంటవు.

బస్తర్ సంస్థానంలో సర్కారు కొలువని నీ మరిది మీసం దువ్వుకుంటా నన్ను తోలుకొచ్చిండు గదా, ఆ కొలువేందో చెప్తా విను. మక్కలు పెంచుడు. నవ్వకు. ఉత్త మక్కలు కాదు, రంగుల మక్కలు. జగదల్‌పూర్ల ఎవరో దొరసాని ఉన్నదట. వాళ్ళ దేశంలో ఎర్రవి, నల్లవి మక్క కంకులు గోడలకు తోరణాల లెక్క కట్టుకుంటరట. ఆమె ఓడల మీద నాలుగు రకాల విత్తనం తెప్పించింది. ఏ రకం ఏ సీమలో బాగా పండుతదో, ఏది ఎంత దిగుబడి ఇస్తదో చూసి చెప్పాలని ఒక మడి ఉత్తరాన వేయించిన్రు, ఒకటి దక్షిణాన మా నెత్తిన పడ్డది. మంచి కంకులు దసరాకు జగదల్‌పూర్ పంపాలె. దొరసానికి నచ్చితే నీ మరిదికి అక్కడే కాయం కొలువు. ఆయన ఇప్పుడు రంగుల కలలే కంటున్నడు.

నాలుగు రకాలంటే, ఎర్రది, నల్లది, కలగలుపు రంగులది, ముత్యాల లెక్క తళతళలాడే తెల్లది. ఒక్కోటి ఒక్కో సాలు. నీ మరిది పొద్దున లేస్తే వాటి ముందే. ఎర్రది తాటిచెట్టు లెక్క పెరిగి మొన్నటి గాలికి అడ్డంగా పడుకున్నది. కలగలుపుది చూడ ముచ్చట, కానీ పురుగు దానికే ముందు పడుతున్నది. తెల్లది పొట్టిగా, బుద్ధిగా ఉన్నది. నల్లది మాత్రం రాక్షసి. ఎంత వాన కొట్టినా వంగదు, దాని పొత్తుల తొక్క బిగుసుకుని నీటి చుక్కను కూడా లోపలికి పోనియ్యదు. దిగుబడి దానిదే అని ఈయన ఇప్పుడే తేల్చేసిండు. విత్తనం మిగిలితే నేను ఒక పిడికెడు ఉడకేసి చూసిన. మోపెడు కట్టెలు కాలినయి గానీ గింజ మెత్తబడలేదు. తినేటోళ్ళు ఎవరని అడిగితే, ఇది తినడానికి కాదే అన్నడు. ఊరంతా ఇప్పపువ్వు, వెదురు కొమ్ములు తిని బతుకుతున్న ఈ నెలలో ఆ మాట వినడానికి నాకు సిగ్గేసింది.

మడి ఎవరి భూమిల వేసిండో తెలుసా? లక్కే అని, మా ఇంటి పక్కనే ఉంటది, ఇక్కడి దొర్ల కోయల పిల్ల. పోయినేడు దాని మగడు పొజ్జాను సర్కారు బేగారికి, అంటే వెట్టికి, పట్టుకుపోతే దుంగ మీద పడి చచ్చిపోయిండు. చిన్న పిల్ల ఒకతె, హిడ్మే. పెరట్లో సగం దున్నలేక బీడు పెట్టుకున్నది. వేరే మక్కలకు దూరంగా మడి వెయ్యాలని పైనుంచి చెప్పి పంపిన్రట. అయినా ఈయన ఆ బీడే చూసుకున్నడు. పక్కన దాని నాటు మక్క ఉంటే రెండూ పోల్చి చూసుకోడానికి వీలుంటదని నాతో అన్నడు. నాకు తెలిసిన సంగతి వేరే. మగదిక్కు లేని ఇల్లు, ఎవరూ అడ్డం రారు.

లక్కే అడ్డం రాలేదు సరిగదా, నాకు నేస్తమైంది. దాని దొర్ల మాట నాకు సగం, నా తెలుగు దానికి సగం, అయినా పొద్దంతా మాట్లాడుకుంటం. దాని పెరటి మక్క చిన్నది, బక్కది, తెల్లటి గింజ. కానీ గాదెలు ఖాళీ అయ్యే భాద్రపదంలో ముందు చేతికొచ్చేది అదే. పాలపళ్ళ పిల్ల కూడా కొరికి తినొచ్చు. నీ మరిది కంకులు చూసి అది, "వీటిని ఎవరు తింటరక్కా, కళ్ళా?" అన్నది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వినం. ఈ అడవిల నేను నవ్వింది దానితోనే.

ఊళ్ళో జ్వరాలు మొదలైనయి. మేం బాగానే ఉన్నం. బావకు దండాలు చెప్పు.

నీ నోటికి జవాబు చెప్పే ఒకే ఒక్క చెల్లెలు,
సారలమ్మ


తాటిగూడెం
భాద్రపదం, కొత్త మక్క పండుగ తెల్లారి

వెంకమ్మక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో, బావకు వినిపించకు. 

జ్వరాలని రాసిన గదా. మా ఊళ్ళో సన్న అని ఒకాయన ఉన్నడు, ఆయన కూతురు, నాలుగేళ్ళది, పోయింది. తల్లి పొలం పనికి పోతే లక్కేనే ఆ పిల్లను చూసుకునేది, తన బిడ్డతో పాటు గంజి పోసేది. పోయే ముందు రోజు కూడా దాని చేతి గంజే తాగింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. లక్కే వాళ్ళ కంటే ఎక్కువ ఏడ్చింది.

ఈ ఊళ్ళో కొత్త మక్కను అమ్మవారికి పెట్టకముందు ఎవరూ నోట పెట్టరు. ఎంత ఆకలి ఉండనీ, పిల్లలు కూడా పెరట్లో కంకి ముట్టరు. పండుగనాడు ప్రతి ఇంటోళ్ళు తొక్క తియ్యని కంకులు తెచ్చి గుడి ముందు పెడితే, పెర్మ, అంటే వాళ్ళ పూజారి, ఒక్కొక్క ఇంటి కంకినీ అందరి ముందు తన చేత్తో ఒలిచి రాతి మీద పెడతడు. పెర్మ పేరు జోగ. ముసలాయన, మంచోడు. నేను జోగ తాత అంటా. నిన్న అందరం ఆకలి కడుపులతో, కడిగిన బట్టలతో నిలబడ్డం. డోలు మోగుతున్నది. ఇంటింటి కంకులు తెల్లగా పాలు కారుతున్నయి.

లక్కే కంకి ఒలిచిండు. తెల్ల గింజల నడుమ నల్ల గింజలు.

మచ్చలు కావు అక్కా, పురుగు కాదు. నున్నటి, నిండు నల్ల గింజలు, ఎవరో వేలుపెట్టి పొదిగినట్టు. జోగ తాత రెండోది ఒలిచిండు. దాంట్లో ఇంకా ఎక్కువ. డోలు ఆగింది. తాతల నాటి నుంచి ఆ పెరట్లో తెల్ల గింజే, నల్లది ఎన్నడూ పుట్టలేదు. ఆయన ఆ కంకులను రాతి మీద పెట్టలేదు, పక్కన నేల మీద పెట్టి చేతులు కడుక్కున్నడు. అప్పుడు సన్న పెండ్లాం లేచి, నా బిడ్డ దీని చేతి గంజి తాగే పోయిందని నెత్తి కొట్టుకున్నది. అంతే, ఊరంతటికీ ఒక్కసారే అర్థమైపోయింది, లక్కేది చెడ్డ కన్ను అని. వచ్చే అంగడి తెల్లారి కూర్చుని తేల్చుకుందామని పెర్మ అన్నడు. ఎవరూ తినకుండానే ఇళ్ళకు పోయిన్రు. ఇక్కడ అట్లాంటి పేరు పడ్డ ఆడదానికి ముందు పళ్ళు రాలగొడతరట, మంత్రం పలకకుండా. తర్వాత ఊరు వెళ్ళగొడతరు. ఈ వానల్లో, ఆ పసిదాన్ని చంకనేసుకుని అది ఎటు పోతది?

సన్న పెండ్లాన్ని నేను తప్పు పట్టను. నా బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు మంత్రసానిని నేను తిట్టని తిట్టు లేదు, నీకు తెలియంది కాదు. కడుపు కాలినప్పుడు ఎవరో ఒకరు కావాలె.

ఇంటికొచ్చి ఈయన్ను అడిగిన. నల్ల మక్క ఇక్కడ ఎవరికున్నది, మనకు తప్ప? మన మడికీ దాని గింజకూ ఏమైనా సంబంధం ఉన్నదా?  గట్టిగా అడిగితే అప్పుడు చెప్పిండు. మక్కకు తల మీద పూత వస్తది గదా, దాని పొడి గాలికి ఎగిరి పక్క చేను పొత్తుల పీచు మీద పడితే ఆ రంగు గింజకు పడుతదట. అందుకే దూరం దూరంగా వెయ్యమంటరట. "పుప్పొడి పడ్డది, అంతే" అన్నడు, కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత తేలిగ్గా.

పోయి ఆ ముక్క జోగ తాతకు చెప్పు, ఇప్పుడే చెప్పు అన్న. చెప్తే మడి కోసేస్తరట. దూరం పాటించలేదని తాసీలు ఆఫీసుకు తెలిస్తే కొలువు పోతదట. దసరా కంకులు బండెక్కేదాకా ఆగమన్నడు. ఇప్పటికే తెల్ల సాలుకు తెగులు తగిలి మొన్ననే కోసెయ్యాల్సి వచ్చింది, ఇది కూడా పోతే నా నోట్లో మన్నే అన్నడు. ఆయన నోట్లో మన్ను గురించి ఆయనకు బెంగ. ఒళ్ళు మండిపోయింది నాకు.

నేను ఒకటి అనుకున్న. ఆయన చెప్పకపోతే నేనే చెప్తా. అంగడి తెల్లారి నలుగురిలో నిలబడి చెప్తా. కొలువు పోతే పోనీ, కూలి చేసుకుని బతుకుతం. నువ్వు ఇది చదివేసరికి చెప్పేసి ఉంటా. నా నోరు నాకు ఎన్నో తగాదాలు తెచ్చింది, ఈ ఒక్కసారి పనికొస్తది అనుకుంటున్న.

నీ సారల


తాటిగూడెం
భాద్రపదం ఆఖరు

అక్కా,

చెప్పిన. చెప్పి లక్కేను ముంచిన.

అందరూ కూర్చున్నరు. లక్కే నడుమ, హిడ్మేను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉన్నది. నేను లేచి మొత్తం చెప్పిన. మా మడి సంగతి, పూత పొడి సంగతి, గాలి సంగతి. నాకు దొర్ల మాట రానిచోట చేతులతో చూపించిన. అక్కా, వాళ్ళు విన్నరు. నువ్వు అనుకున్నట్టు అరవలేదు, తరమలేదు. జోగ తాత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆఖరిదాకా విని, మా ఆయన దిక్కు చూసి, "అప్పయ్యా, నువ్వు చెప్పు" అన్నడు. ఈయన లేచి, పొడి ఎగురుతది గానీ ఎంత దూరం పోతదో నాకు తెల్వదు అని కూర్చున్నడు. 

అప్పుడు జోగ తాత అడిగిండు. ఆయన అడిగింది వంకర మాట కాదు, ఏ బుద్ధిమంతుడైనా అడిగేదే. "బిడ్డా, మీ మడి పొడి దాని పెరట్లకు వచ్చిందంటివి. మరి దాని పెరటి పొడి మీ మడిలకు పోలేదా? గాలి అన్ని దిక్కులా తిరుగుతది గదా?"

నేను ఆలోచించలేదు. ఆలోచించే అలవాటు నాకెక్కడిది. ఎందుకు పోదు తాతా, పోతది, ఇది నల్లబడ్డట్టే మా నల్లది తెల్లబడి ఉంటది, పోయి ఒలిచి చూడండి, మా నల్ల కంకుల్లో తెల్ల గింజలు లేకపోతే నేను అబద్ధాలకోరును అన్న. అంత గట్టిగా అన్న అక్కా. నమ్మకం నాకు. లక్కే అప్పుడు తలెత్తి నన్ను చూసింది. దాని మొహంలో ప్రాణం వచ్చింది.

అందరం మడిలకు పోయినం. జోగ తాత లక్కే పెరటికి ఆనుకున్న సాలు నుంచే నల్ల కంకి విరిచి ఒలిచిండు. కొస నుంచి మొదలు దాకా నల్లగా నిగనిగలాడుతున్నది. ఒక్క తెల్ల గింజ లేదు. ఇంకోటి ఒలిచిండు. ఇంకోటి. నేను కూడా పిచ్చిదాని లెక్క విరిచి ఒలిచిన, గోళ్ళు చిట్లి నెత్తురు వచ్చింది. అన్నీ నలుపే. దాని కంకి మారింది, మాది మారలేదు. ఎందుకో నాకు తెల్వదు, ఈయనకూ తెల్వదట. జోగ తాత కోపం చెయ్యలేదు. అబద్ధం చెప్పినవని కూడా అనలేదు. నేస్తం కోసం చెప్పినవు, తప్పు లేదు బిడ్డా అని నా తల మీద చెయ్యి పెట్టిండు. అది నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

ఇంకొకటి చెప్పాలె, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ కంకులన్నీ నల్లగా కనబడ్డప్పుడు నాకూ భయమేసింది. గాలి అన్ని దిక్కులా తిరుగుతది, నిజమే గదా, మరి ఎందుకు మారలేదు? ఒకవేళ నిజంగానే దీంట్లో ఏమైనా ఉన్నదా అనిపించింది. లక్కే నా పక్కనే ఉన్నది. నేను ఒక్క అడుగు అవతలికి జరిగిన. అది చూసింది. నేను జరగడం అది చూసింది అక్కా.

తర్వాత జరిగింది రాయడానికి నా చేత కావడం లేదు. రాయితో కొట్టిన్రు. ముందు పళ్ళు రెండు. సన్నే కొట్టిండు, కొట్టి వాంతి చేసుకున్నడు. లక్కే అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిల్లను ఎత్తుకుని పామేడు తోవ పట్టింది, అక్కడ దాని మేనమామ ఉన్నడు. వాన పడుతున్నది. నేను గడపలో నిలబడి చూసిన, తోడు పోలేదు. దాని పెరటి మక్క ఎవరూ ముట్టరు, పశువులు కూడా తినకుండా కంప కొట్టిన్రు.

ఈయన మిగిలిన కంకులు కోయించి నీడన ఆరబెట్టిండు. నల్లవి దసరాకు ఎంచి పెట్టిండు. ఎర్రది ఇంత, కలగలుపుది ఇంత, నల్లది ఇంత అని మానికలతో కొలుచుకుంటున్నడు. నాకు అన్నం సయించడం లేదు. నువ్వు రమ్మంటే వస్తా అక్కా, రెండు నెలలుండి వస్తా.

సారల


పామేడు దగ్గర, లక్కే మేనమామ గుడిసె
కార్తీకం, చలి మొదలైంది

అక్కా,

నువ్వు రమ్మని రాసినవు. నేను నీ దగ్గరికి దుమ్ముగూడెం రాలేదు, ఇక్కడికి వచ్చిన. ఎందుకో చెప్తా, ఓపిక పట్టి చదువు.

దసరాకు నల్ల కంకులు పోయినయి. దొరసాని మెచ్చుకున్నదట, బంగళా వరండాలో కట్టించుకున్నదట. అప్పయ్యకు జగదల్‌పూర్ల కొలువు కాయమైంది. ఇక నుంచి ఆయన్ను నీ మరిది అని రాయను, ఎందుకో నీకే తెలుస్తది. సామాను సర్దమంటే సర్దుతున్న. పశువుల కొట్టంలో అటక మీద గడ్డి కింద ఒక గోనె తగిలింది. గడ్డిలో గోనె ఎందుకని లాగిన. మూతి విప్పితే మక్క కంకులు. పొట్టివి, తళతళలాడే తెల్లవి, మా నాలుగో రకం. తెగులు తగిలి కోసేసిన్నన్నడు గదా, అవే.

తెగులు ఎక్కడా లేదు అక్కా. ప్రతి తెల్ల కంకిలోనూ నల్ల గింజలు. లక్కే కంకిలో ఎట్లా ఉన్నయో అచ్చం అట్లానే. నల్ల సాలు పక్కనే ఉండె గదా తెల్ల సాలు, పొడి ముందు దాని మీదే పడ్డది. నేను ఆ గడ్డిలోనే కూలబడిపోయిన. నేను నల్ల కంకులు ఒలవమన్న. తెల్లవి ఒలవమనాల్సింది. నలుపు మీద తెలుపు కనబడదు, తెలుపు మీదనే నలుపు కనబడుతది. అది నాకు తెల్వదు. కానీ ఆయన అప్పటికే ఈ కంకులు ఒలిచి చూసిండు. పండుగకు ముందే చూసిండు. అందుకే కోసిండు.

గోనె తీసుకుపోయి ఆయన ముందు కుమ్మరించిన.  ఎందుకు దాచినవంటే, మడి కలుషితమైందని తెలిస్తే కంకులు దసరాకు తీసుకోరు అన్నడు. మరి ఎందుకు పారెయ్యలేదంటే, ఏమన్నడో తెలుసా? తెల్ల రకం దిగుబడి కూడా పంపాలె గదా, తూకం వెయ్యకుండా ఎట్లా పారేస్తా అన్నడు. తూకం వేసి, లెక్క పంపి, తిరిగి గడ్డి కింద పెట్టిండు. నేను జోగ తాత ముందు నల్ల కంకులు ఒలవండని అరుస్తున్నప్పుడు ఆయన నా వెనకే నిలబడి ఉన్నడు. వాళ్ళు రాయి ఎత్తినప్పుడూ నిలబడే ఉన్నడు.

"నేనేం చేసిన? నేను దాన్ని ఒక్క మాట కూడా అనలేదు గదా" అన్నడు.

నిజమే. ఒక్క మాట అనలేదు. నేను మంగళసూత్రం తియ్యలేదు, నాటకాలాడలేదు, కానీ ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి ముట్టించలేదు. గోనె నెత్తిన పెట్టుకుని జోగ తాత దగ్గరికి పోయిన.

ఆయన కంకులు ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసిండు. ఎక్కడివని అడిగిండు, చెప్పిన.  అప్పుడు చెప్పిండు, పండుగ తర్వాత మా ఇంటి మక్కలో కూడా రెండు మూడు నల్ల గింజలు కనబడ్డయి, నా పెండ్లాం పీకి పొయ్యిల వేసింది, బయటికి చెప్తే మా మీదికి వస్తదని నేనూ ఊరుకున్న అని. ఇంకెన్ని ఇళ్ళల్లో పీకి పొయ్యిల వేసుకున్నరో ఎవరికి తెలుసు. అందరం భయపడ్డం, ఒక్కతె మీద వేసినం అన్నడు. సన్నను పిలిచి చూపించిండు. సన్న ఆ కంకి పట్టుకుని కూర్చుని, మరి నా బిడ్డ ఎందుకు పోయిందని అడిగిండు.  జ్వరం అన్న నేను. జ్వరమా అన్నడు, అంత చిన్న మాటనా అన్నట్టు.

జోగ తాత, నేను కలిసి ఇక్కడికి నడిచి వచ్చినం. తోవంతా ఆయన ముసలి కాళ్ళతో నా కంటే ముందు నడిచిండు. లక్కే గుడిసె ముందు ఇప్పగింజలు ఎండబోస్తున్నది. మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. సగమైంది అక్కా మనిషి. జోగ తాత తలగుడ్డ తీసి నేల మీద పెట్టి, దాని మీద కంకులు పరిచి, ఊరు తప్పు చేసింది బిడ్డా, ఇంటికి రా అన్నడు. అది ఆయన్నూ చూడలేదు, కంకుల్నీ చూడలేదు. లోపలికి పోయింది. ఆయన అట్లానే బయట కూర్చున్నడు, ఇప్పటికీ అక్కడే కూర్చున్నడు.

నేను లోపలికి పోయిన. కాళ్ళు పట్టుకుందామనుకున్న, ఆ రోజు పక్కకు జరిగిన్నే, దానికి. పట్టుకోనియ్యలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, పళ్ళు లేని సందులోంచి మాట ఊడిపోతుంటే కూడబలుక్కుని, "నిజంగా నేను కాదా అక్కా?" అని అడిగింది.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. ఊరంతా అంటే, నువ్వు కూడా జరిగితే, నాకూ అనుమానం వచ్చింది అన్నది. సన్న బిడ్డకు గంజి పోసినప్పుడు తన మనసులో ఏమున్నదో రోజూ తవ్వుకుంటున్నదట. సన్న పెండ్లానికి మగడున్నడు, నాకు లేడు అని ఎన్నడో ఒకసారి అనుకున్నదట. ఆ ఒక్క తలపే పిల్లను తిన్నదేమో అనుకుంటున్నది. వచ్చిన దగ్గర్నుంచి హిడ్మేకు అది తన చేత్తో మెతుకు పెట్టలేదు. మేనమామ పెండ్లాం పెడుతున్నది. పిల్లకు దగ్గరగా పడుకోదు, దాని తల దువ్వదు. పిల్ల అమ్మా అని మీదికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటది.

నల్ల గింజలు పడ్డ తెల్ల కంకి ముందు పెట్టి మళ్ళీ మొత్తం చెప్పిన. పొడి, గాలి, నలుపు మీద కనబడదని, తెలుపు మీద కనబడుతదని. అంతా బుద్ధిగా విన్నది. విని, నేను కాదా అని అడిగింది. కాదు అన్న. కట్టెలు తెచ్చుకుంటా అడిగింది, నీళ్ళు మోసుకుంటా అడిగింది. అడిగినప్పుడల్లా కాదు, నువ్వు కాదు అంటున్న. విసుక్కోవడం లేదు అక్కా, నేను, ముక్కు మీద కోపం ఉన్నదాన్ని. అది నమ్మేదాకా ఇక్కడే ఉంటా. తాటిగూడెం వస్తదో రాదో దాని ఇష్టం. నేను జగదల్‌పూర్ పోను, అది మాత్రం బావకు చదివి వినిపించు.

ఇప్పుడే గంజి కాచింది. తనే గిన్నెలో పోసుకుని హిడ్మే ముందు కూర్చున్నది. పిల్ల నోరు తెరుచుకుని చూస్తున్నది. లక్కే చెయ్యి గిన్నెలో ఉన్నది, పైకి లేవడం లేదు. నా దిక్కు తిరిగి మళ్ళీ అడుగుతున్నది. పోయి చెప్పాలె, ఉత్తరం ఇక్కడ ఆపుతున్న.

నీ చెల్లెలు
సారలమ్మ